మెమరీ కార్డులో పాటలా, నెలనెలా కట్టే యాపా? చెరువు గట్టు మీద ఏది పనికొస్తుంది?

చెరువుగట్టు (మొగల్తూరు వైపు):
అందరికీ నమస్కారమండి. మాకు వనామీ రొయ్యల చెరువులున్నాయి. రాత్రి కాపలా మా బాబాయ్, నేను వంతులేసుకుని కాస్తాం. నిద్ర పట్టకుండా ఉండాలంటే పాటలే దిక్కు. బాబాయ్ దగ్గర మెమరీ కార్డు పెట్టుకునే చిన్న ప్లేయర్ ఉంది, స్పీకర్ దాంట్లోనే. కార్డు నిండా పాత పాటలు, టౌన్లో మొబైల్ షాపులో ఎప్పుడో ఎక్కించుకున్నవి. నేను ఒక యాప్‌కి నెలనెలా కట్టి బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో వింటాను. "పాటకి అద్దె కట్టడమేంట్రా, మన పాట మన జేబులో ఉండాలి" అంటాడాయన. "ఆ డొక్కు సౌండ్ ఎలా భరిస్తున్నావ్" అంటాను నేను. ఇద్దరికీ తెగట్లేదు. మీరైతే ఎటు?

లంకల అబ్బాయి (అయినవిల్లి):
బాబాయ్ వైపే, ఆయ్! 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత మా జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు గుర్తుందా? డబ్బు కట్టిన యాప్ ఫోన్లోనే ఉంది, పాట మాత్రం రాదు. కార్డున్నవాళ్లు మాత్రం యథాప్రకారం విన్నారు.

సాఫ్ట్‌వేర్ సుబ్బారావు (భీమవరం):
నెట్ ఆపడం రోజూ ఉండేది కాదుగా తమ్ముడూ. అయినా యాప్‌లోనే ముందుగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఇంట్లో వైఫై దగ్గర ఓ వంద పాటలు దింపుకుని గట్టుకి వెళ్తే సిగ్నల్‌తో పనేముంది?

లంకల అబ్బాయి:
అలా దింపుకున్నవి మీ ఫైళ్లు కావు సార్, తాళం ఆ కంపెనీ చేతిలో ఉంటుంది. స్పాటిఫైలో అయితే కనీసం 30 రోజులకోసారి నెట్‌లోకి రాకపోతే దింపుకున్నవి ఆగిపోతాయి. డబ్బు కట్టడం మానేస్తే మొత్తం పోయినట్టే. కంపెనీకి, పాటల హక్కుదారుకి లెక్క తేడా వస్తే ఒక పొద్దున్న లేచేసరికి సగం లిస్టు బూడిద రంగులో కనపడుతుంది. కార్డు అలా చేయదు.

సాఫ్ట్‌వేర్ సుబ్బారావు:
కార్డు పాడైపోతే? గట్టు మీద ఉప్పుగాలి, చెమట, పైన వాన. ఒక్క కార్డునే నమ్ముకుని వేరే చోట కాపీ పెట్టుకోనివాళ్ల సంగతి కూడా చెప్పండి.

పాలకొల్లు శ్రోత:
కార్డా, యాపా అని మీరు కొట్టుకుంటున్నారు గానీ సౌండ్ తేడా అక్కడ లేదు. పాటని ఎంత కుదించారు, చెవి దాకా ఏ దారిలో తెచ్చారు, అదీ అసలు విషయం.

సీడీలో సెకనుకి 44,100 శాంపిళ్లు (ధ్వని కొలతలు), ఒక్కోటి 16 బిట్లు. రెండు ఛానెళ్లకీ కలిపి సెకనుకి సుమారు 1411 కిలోబిట్లు. షాపుల్లో ఎక్కించే ఎంపీ3లు ఎక్కువగా 128 కిలోబిట్లవి, అంటే దాదాపు పదకొండో వంతు. ఐదు నిమిషాల పాట 5 ఎంబీలో సర్దుకుంటుంది. అదే పాట 320లో అయితే 12 ఎంబీ, ఏమీ పారేయని ఫ్లాక్‌లో అయితే పాతిక, ముప్ఫై దాకా వెళ్తుంది. మన చెవి పట్టించుకోదు అనుకున్న ధ్వనిని ఎంపీ3 తీసి పారేస్తుంది. 128లో అది కొంచెం ఎక్కువే పారేస్తుంది. తాళాల చప్పుడు నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది, మృదంగం మీద దెబ్బ పదును పోయి కాస్త చెదురుతుంది. మన శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారి కచేరీ ఏదైనా పెట్టుకుని, మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం దగ్గర వినండి, తెలిసిపోతుంది.

ఇంకో మోసం ఉంది. అదే 128 ఫైలుని కంప్యూటర్లో మళ్లీ 320కి మార్చి పేరు పక్కన "320" అని తగిలిస్తారు. సైజు పెరుగుతుంది, పోయిన ధ్వని తిరిగి రాదు.

అబ్బాయ్ చెరువుగట్టూ, నీ యాప్ ఎంత మంచి క్వాలిటీ పంపినా నువ్వు వినేది బ్లూటూత్‌లో. ఫోన్ ఆ పాటని విప్పి, గాల్లో పంపడానికి మళ్లీ కుదిస్తుంది. అన్ని ఇయర్‌బడ్స్‌కీ అర్థమయ్యే ఎస్‌బీసీ అనే కుదింపు పద్ధతిలో మామూలుగా 328 కిలోబిట్ల దగ్గర ఆగుతుంది. సోనీ వాళ్ల ఎల్‌డ్యాక్ అయితే 990 దాకా వెళ్తుంది, కానీ అది ఫోన్లోనూ బడ్స్‌లోనూ ఉండాలి. సిగ్నల్ బలహీనపడితే అదీ తగ్గిపోతుంది. కాబట్టి "లాస్‌లెస్" (ఏమీ పారేయని) ప్లాన్‌కి ఎక్కువ కట్టి ఎస్‌బీసీ బడ్స్‌లో వినడం డబ్బు దండగ. నిజంగా తేడా కావాలంటే వైరు పెట్టుకో.

నర్సాపురం నాగమణి:
వైరు పెట్టడానికి కన్నం ఏదండీ బాబూ! 2016లో ఐఫోన్ 7తో ఆపిల్ తీసేసింది, మిగతా కంపెనీలూ మెల్లగా అదే దారి పట్టాయి. మా అబ్బాయి టైప్-సి అడాప్టర్ తెచ్చాడు, మా ఆయన ఫోన్లో పాడింది, నా ఫోన్లో పెట్టగానే బయటి స్పీకర్ నుంచే గోల. దీనికేంటి కారణం?

పాలకొల్లు శ్రోత:
అక్కా, ఆ అడాప్టర్లు రెండు రకాలు. ఒకదాంట్లో డీఏసీ అనే చిప్ ఉంటుంది, అంకెల రూపంలో ఉన్న పాటని అదే ధ్వనిగా మారుస్తుంది. రెండోది ఉత్త తీగ, మార్చే పని ఫోనే చేసి పంపాలి. ఆ వసతి లేని ఫోన్లో రెండో రకం పనిచేయదు. కొనేటప్పుడు "డీఏసీ ఉందా" అని అడగండి. షాపతను తెల్లమొహం వేస్తే అక్కడే మీ ఫోన్‌కి పెట్టి చూపించమనండి.

హేచరీ మావయ్య:
ఏవండోయ్, సౌండ్ క్వాలిటీ అంటూ ఇంత రాశారు, అది చెరువు అని ఎవరికీ గుర్తులేదా?

అబ్బాయ్, రాత్రి కాపలాలో నువ్వు వినాల్సిన మొదటి చప్పుడు ఏరేటర్లది, అదే నీళ్లలో గాలి కలిపే ఫ్యాన్లది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయి ఉంటుంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే జనరేటర్ వెయ్యడం ఎంత ఆలస్యమైతే అంత నష్టం. రొయ్యలు పైకి తేలి గట్టు పక్కకి చేరాక పరిగెత్తి లాభం లేదు. రొద మధ్యలో ఉన్నవాడికి ఆ రొద ఆగగానే చెవిలో తేడా కొడుతుంది. నువ్వు రెండు చెవుల్లో బడ్స్ కుక్కుకుని, పైగా బయటి శబ్దం తగ్గించే ఆప్షన్ కూడా వేసుకుంటే ఇంక కాపలా ఎందుకు? మా పనివాళ్లకి ఇయర్‌ఫోన్లు వద్దన్నాను. పాకలో గుంజకి చిన్న స్పీకర్ కట్టుకోమన్నాను. సౌండ్ డొక్కుదా మంచిదా నాకనవసరం. మీ బాబాయ్‌కి ఈ సంగతి తెలుసు కాబట్టే ఆ ప్లేయర్ వదలట్లేదు, నీకు చెప్పలేదంతే.

చెరువుగట్టు:
మావయ్యగారూ, నేను ఒక్క చెవిలోనే పెట్టుకుంటానండి. పైగా మా దగ్గర కరెంటు పోతే ఫోన్‌కి కాల్ వచ్చే పరికరం పెట్టించాం.

హేచరీ మావయ్య:
ఆ కాల్ రావాలన్నా సిగ్నల్ కావాలి కదరా! మీ గట్టు మీద సిగ్నల్ ఎలా ఉంటుందో నువ్వే చెప్పు.

నర్సాపురం నాగమణి:
ఏరేటర్ల హోరులో పాట వినపడాలని వాల్యూమ్ పెంచేస్తారు, అది ఇంకో గొడవ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ సౌండ్ వారానికి 40 గంటలు దాటకూడదు. 83కి వెళ్తే ఆ గంటలు సగమైపోతాయి. రాత్రికి ఆరేడు గంటల చొప్పున వారమంతా వింటే ఆ 40 ఎప్పుడు దాటిందో కూడా తెలీదు.

రావులపాలెం రాగం:
అందరూ కన్వీనియంట్‌గా వదిలేసిన విషయం ఒకటుంది. షాపులో కార్డుకి ఎక్కించుకున్నవి దొంగ పాటలు. రాసినవాళ్లకి, పాడినవాళ్లకి, కంపెనీకి దాంట్లోంచి పైసా వెళ్లదు. యాప్ అద్దె అని వెక్కిరిస్తున్నారు గానీ కొంతైనా వాళ్లకి చేరేది అక్కడే.

లంకల అబ్బాయి:
ఆయన వినేవి పాత పాటలండి. వాటికి కూడా హక్కులేంటి?

రావులపాలెం రాగం:
ఉంటాయి. మన చట్టంలో రికార్డింగ్ మీద హక్కు విడుదలైన దగ్గర్నుంచి 60 ఏళ్లు. అది తీరిపోయినా సాహిత్యం, బాణీ మీద హక్కు వేరు, కర్త పోయిన తర్వాత ఇంకో 60 ఏళ్లు. త్యాగరాజ కీర్తన మీద ఎవరికీ హక్కు లేదు, నిన్న ఎవరో పాడి రికార్డు చేసినదాని మీద ఉంది. కార్డే కావాలనుకుంటే సీడీలు కొని ఫైళ్లుగా మార్చుకోండి, లేదా ఫైలు అమ్మే చోట కొనుక్కోండి. అవి మీవే, ఏ తాళం ఉండదు. బాబాయ్ "మన పాట" అన్నమాట అప్పుడు నిజమవుతుంది.

సాఫ్ట్‌వేర్ సుబ్బారావు:
మా ఇంట్లో సీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్ పోయి చాలా ఏళ్లయింది సార్. మీరు చెప్పింది న్యాయమే, చేసేవాడెవడు?

చెరువుగట్టు:
బాబాయ్‌కి చదివి వినిపించాను. మావయ్యగారి మాట దగ్గర మీసం తిప్పాడు, దొంగ పాటల దగ్గర లేచి మేత చల్లడానికి వెళ్లిపోయాడు. నాన్నగారి సీడీలు బీరువాలో ఉన్నాయి, వాటిని కార్డుకి ఎక్కిద్దామనుకుంటున్నా. 128 జీబీ కార్డు కొంటే ఎప్పటికీ సరిపోతుందా?

పాలకొల్లు శ్రోత:
అంత పెద్దది కొనకు. ఆ చిన్న ప్లేయర్లు చాలావరకు 32 జీబీ దాకానే చదువుతాయి. 64 నుంచి కార్డులు వేరే పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి, పెట్టగానే "నో కార్డ్" అంటుంది. 320 ఎంపీ3లే చేసుకో, ఫ్లాక్ చదువుతుందో లేదో ముందు ఒక పాటతో చూసుకో. పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టు, తెలుగులో పెడితే డబ్బాలు కనపడొచ్చు. కార్డు మొత్తం ఇంట్లో ఇంకోచోట కాపీ పెట్టు, సుబ్బారావు గారు ఆ ఒక్కటీ కరెక్టుగా చెప్పారు.

సాఫ్ట్‌వేర్ సుబ్బారావు:
ఆ ఒక్కటేనా?!