మిగిలిన కోడికూర, అన్నంతో ఒకే బాండీలో రాత్రి భోజనం ఎలా చేయాలి?

నిన్నటి కోడికూర కొంచెం, సోనా మసూరి అన్నం ఓ గిన్నెడు ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఆఫీసు నుంచి వచ్చాక ఒక్క బాండీలోనే, అరగంటలోపు వంట అయిపోవాలి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక, ఎముకలు తీసేసిన ముక్కలు వేద్దామనుకుంటున్నాను.

నా టెన్షనంతా గ్రేవీ గురించే. చల్లటి అన్నం చేత్తో విడదీస్తే మెతుకు మెతుకూ పొడిపొడిగా వస్తుంది, గ్రేవీ తగిలితే ముద్దయిపోతుందేమో! ముందే పోసి నూనె తేలేదాకా ఇగరబెట్టాలా, అన్నం వేశాక కొంచెం కొంచెంగా కలపాలా? కూరలో మసాలా బాగానే ఉంది కాబట్టి చివర్లో నిమ్మరసం, కొత్తిమీర చాలంటారా? మా పాప కారం తినలేదు, గుడ్డు కొట్టి కలిపితే కాస్త తగ్గుతుందా? అన్నం, ముక్కలు పొగలు వచ్చేదాకా వేడెక్కాలి, కానీ ముక్క పీచులా గట్టిపడకూడదు. ఇలా చేసే అలవాటున్నవాళ్ళు దయచేసి చెప్పండి.