ఐరిష్ సంప్రదాయ సంగీతానికి గిటారు తోడా, బరువా?

ఫిడేలు పిచ్చి:
తిట్లు తినడానికి సిద్ధపడే ఈ మాట అంటున్నాను. ఐరిష్ నృత్య బాణీల వెనక గిటారు, బుజూకీ అనే తీగవాద్యం చేరడం వల్ల ఆ సంగీతానికి మేలుకంటే చేటే ఎక్కువ జరిగింది. రీలు కానివ్వండి, జిగ్ కానివ్వండి, అది ఒకే వరుసగా నడిచే సంగీతం. పదిమంది కూర్చున్నా అందరూ వాయించేది ఆ ఒక్క బాణీనే. అందమంతా అలంకారంలో ఉంది: ఒక స్వరం చుట్టూ తిరిగి వచ్చే ‘రోల్’, పైస్వరాన్ని చటుక్కున తాకి వచ్చే ‘కట్’. వెనక ఒకరు దబదబా కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) బాదుతుంటే ఇవేవీ వినపడవు. కానమారా ప్రాంతపు ‘షాన్ నోస్’ పాటకైతే వాద్యమే లేదు. జో హీనీ రికార్డులు వినండి, ఒక్క గొంతు తప్ప ఇంకేమీ ఉండదు. ఏ లోటూ తెలియదు. బుజూకీ సంగతి చెప్పనే అక్కర్లేదు. అది గ్రీకు వాద్యం. 1960లలో జానీ మోయ్నిహన్ చేతికి వచ్చేదాకా ఐర్లండ్‌లో దాని ఊసే లేదు.

లిఫ్ఫీ తీరం:
బయటినుంచి వచ్చిందన్న కారణంతో కాదంటే చాలా వాటిని గెంటేయాలి. ఫిడేలు ఐర్లండ్‌లో పుట్టిందా? కాన్సర్టినా 19వ శతాబ్దంలో ఇంగ్లండ్, జర్మనీలలో తయారైన, చేతుల మధ్య నొక్కుతూ సాగదీస్తూ వాయించే పెట్టె. ఇప్పుడది లేని క్లేర్ జిల్లా సంగీతాన్ని ఊహించగలరా? బాంజో అమెరికాలో నల్లజాతి బానిసల చేతుల్లో రూపుదిద్దుకుంది. మీరు చెప్పిన రీలు కూడా 18వ శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి వచ్చిందే.

ఇక ఒకే వరుస అన్నారు కదా, ఇల్లెన్ పైపుల మాటేమిటి? మోచేతి కింద తిత్తితో గాలి నింపి వాయించే ఆ వాద్యాన్ని మించిన ఐరిష్ వాద్యం లేదనే కదా 2017లో యునెస్కో జాబితాకు ఎక్కించారు. అందులో శ్రుతి గొట్టాలతో పాటు ‘రెగ్యులేటర్లు’ ఉంటాయి. మణికట్టుతో వాటి మీటలు నొక్కితే పలికేవి కార్డ్‌లే. గిటారు రాకముందే ఆ పని పైపర్లు చేస్తూ వచ్చారు.

ఫిడేలు పిచ్చి:
రెగ్యులేటర్లు బాణీ వాయించే మనిషి చేతిలోనే ఉంటాయి. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ ఊరుకోవాలో ఆ బాణీ తెలిసినవాడే నిర్ణయిస్తాడు. నా అభ్యంతరం బాణీ తెలియని రెండో మనిషి గురించి. స్లైగో ఫిడేలు వాద్యకారుడు మైకేల్ కోల్‌మన్ 1920లలో న్యూయార్క్‌లో ఇచ్చిన రికార్డులు వినండి. కమాను మీద ఆయన చూపిన నేర్పు అసాధారణం. కొన్నింటిలో పక్కనున్న పియానో మాత్రం వేరే గదిలో వేరే పాట వాయిస్తున్నట్టు ఉంటుంది. ఈ జబ్బు అప్పుడే మొదలైంది.

ఆరు తీగలు:
గిటారు వాయించేవాడిగా నా మాట. జబ్బు ఉన్న మాట నిజమే కాని మూలం ఇంకోచోట ఉంది.

ఈ బాణీల్లో చాలా వరకు పాశ్చాత్య మేజర్, మైనర్ చట్రంలో ఇమడవు. డోరియన్ అంటే మన ఖరహరప్రియ స్వరాలే, మిక్సొలిడియన్ అంటే హరికాంభోజి. కొన్ని బాణీల్లో నిషాదం ఒకచోట కైశికి, ఇంకోచోట కాకలి. పాతకాలపు ఫిడేలు వాద్యకారులు కొందరు దాన్ని ఆ రెంటికీ నడుమ ఎక్కడో నిలిపేవారు. గిటారిస్టు మేజరా మైనరా అని తేల్చే గాంధారంతో సహా నిండు కార్డ్ కొట్టాడంటే, బాణీ తేల్చకుండా వదిలిన సంగతిని తనే తేల్చేసినట్టు. అసలు నష్టం అక్కడ జరుగుతుంది, చప్పుడు దగ్గర కాదు.

ఇది అక్కడి గిటారిస్టులకు తెలియదనుకోకండి. 1970ల బోథీ బ్యాండ్‌లో మిహాల్ ఓ డోనిల్ గిటారును డి-ఏ-డి-జి-ఏ-డి అని శ్రుతి చేశారు. మన లెక్కలో స-ప-స-మ-ప-స. గాంధారం లేనే లేదు. అదే బ్యాండ్‌లో బుజూకీ పట్టిన డోనల్ లన్నీ అంతకుముందు ప్లాంక్స్టీ బృందంలో వాయించినవి వినండి, చాలాచోట్ల అది రెండో బాణీలా నడుస్తుంది. ఇక మార్టిన్ హేస్ ఫిడేలు పక్కన డెనిస్ కాహిల్ గిటారు! వాయించిన స్వరాలకంటే మానేసినవే ఎక్కువ. దాన్ని కూడా బరువంటారా?

పల్లె వీధి:
మధ్యలో ఒక చిన్న మాట. ‘ఈ జబ్బు అప్పుడే మొదలైంది’ అన్నారు, దానికి ముందున్న పాత పద్ధతి అని ఏ కాలాన్ని అంటున్నారు? పబ్బులో గుండ్రంగా కూర్చుని వాయించే సెషన్ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్‌లోని వలస కూలీల మధ్య బలపడింది. అంతకుముందు సంగీతం వంటింట్లో, నాట్యం కోసం. 1935 చట్టం లైసెన్సు లేని నాట్యాలను నిషేధించాక, చర్చి ఒత్తిడి కూడా తోడై, ఆ ఇంటి సందడి చాలాచోట్ల అణగిపోయింది. హాళ్లలో నాట్యానికి వాయించే కేలీ బ్యాండ్‌లు వచ్చాయి, వాటితో పియానో, డ్రమ్ములు. 1962 రేడియో ప్రసంగాల్లో ఈ బ్యాండ్‌లను ఏకిపారేసిన సంగీతకర్త షాన్ ఓ రీయదా తన బృందంలో మాత్రం పియానోలాంటి మెట్ల వాద్యం హార్ప్సికార్డ్ ముందు కూర్చున్నారు. శుద్ధతావాదుల తీరు ఎక్కడైనా ఇంతే!

ఫిడేలు పిచ్చి:
కాహిల్‌ను బరువనను. అలాంటివాళ్లు ఎందరున్నారు? సెషన్‌కు వచ్చే ప్రతి గిటారిస్టూ కాహిల్ కాడు. రెండు గిటార్లు ఒకేసారి మొదలై రెండు వేర్వేరు కార్డ్‌లు పట్టుకుంటే ఏం చేయాలి?

లిఫ్ఫీ తీరం:
దానికి అక్కడ ఎప్పటినుంచో ఒక మర్యాద ఉంది. ఒక సమయంలో ఒక్క గిటారే మోగాలి, రెండోవారు చేతులు కట్టుకుని తమ వంతు కోసం ఆగాలి. బౌరాన్ డప్పుకూ ఇదే నియమం. కొత్తవారు అడిగి కూర్చుంటారు. పాటించనివారు ఉంటారు, అది మనుషుల తప్పు. ఐరిష్ సంప్రదాయ సంగీతాన్ని పోషించే కోల్‌టస్ సంస్థ తన ‘ఫ్లా’ ఉత్సవ పోటీల్లో ఇప్పుడు సహవాద్యానికి విడిగా ఒక విభాగమే పెట్టింది. అంటే అదొక విద్య అని ఒప్పుకున్నట్టే.

ఫిడేలు పిచ్చి:
నాకు అదే భయం. విద్య అని ముద్ర పడ్డాక, నేర్చుకునే పిల్లలు తోడు లేని ఫిడేలును ఎప్పుడు వింటారు? ఫిడేలు వాద్యకారుడు టామీ పాట్స్ 1972 రికార్డు పెట్టి చూడండి. లయను సాగదీస్తాడు, బాణీని మధ్యలో వంచేస్తాడు. ఏ గిటారిస్టు ఆయన వెంట పడగలడు?

ఆరు తీగలు:
ఎవరూ పడలేరు. పడకూడదు కూడా. ఆ రికార్డు మోగుతున్నప్పుడు నా గిటారు పెట్టెలోనే ఉంటుంది. ప్లాంక్స్టీ బయల్దేరింది కూడా ఆ ఏడాదే, మీరు దాన్ని కూడా ఒకసారి వినండి.