లినక్స్, విండోస్ ఎక్కించేటప్పుడు ఇన్‌స్టాలర్ చూపించిన పార్టిషన్లకే (డిస్క్‌ని విడగొట్టిన భాగాలకే) 'నెక్స్ట్' కొట్టేస్తే తర్వాత ఏమైంది? మీ అనుభవాలు రాయండి

రాత్రిడ్యూటీ:
ఎవరో ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసి వెళ్లిన లినక్స్ సర్వర్ ఒకటి నా నెత్తిన పడింది. రూట్ (సిస్టం ఉండే ముఖ్య పార్టిషన్) నిండిపోయి డేటాబేస్ ఆగిపోయింది. తీరా చూస్తే రూట్‌కి 50 జీబీ, హోమ్‌కి (యూజర్ల సొంత ఫైళ్లుండేది) 800 జీబీ పైనే. ఆ హోమ్‌లో ఉన్నది నాలుగు కాన్ఫిగ్ ఫైళ్లు! దాన్ని తగ్గించి రూట్‌కి కలుపుదామంటే ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టం కదా, కుదించడానికి వీల్లేదు. ఎవరూ కావాలని చేసింది కాదు, ఇన్‌స్టాలర్ తనంతట తాను వేసిన లెక్క. ఇలాంటివి ఇంకేం తగిలాయి మీకు?

బూట్‌లూప్:
అనకొండ ఇన్‌స్టాలర్‌కి ఇది పాత అలవాటేనండి. దాన్ని వాడే ఆర్‌హెచ్‌ఈఎల్ (రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్) 7లో రూట్‌కి గరిష్ఠంగా 50 జీబీ, 8లో 70. మిగిలిందంతా హోమ్‌కే. పదిమంది లాగిన్ అయ్యే వర్క్‌స్టేషన్‌కి సరే గానీ, డేటా అంతా రూట్‌లోని వార్ (/var) ఫోల్డర్ కింద పెరిగే సర్వర్‌కి పనికిరాదు.

దారి ఉంది. హోమ్‌ని బ్యాకప్ తీసి అన్‌మౌంట్ చేయండి. ఆ లాజికల్ వాల్యూమ్ (డిస్క్ చోటును పంచే ఎల్‌వీఎం పద్ధతిలో కేటాయించిన ముక్క) తీసేసి రూట్‌ని పెంచండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ తగ్గదు గానీ పెరగడానికి పేచీ పెట్టదు, మౌంట్ అయి ఉండగానే పెరుగుతుంది. మిగిలిన చోటులో చిన్న హోమ్ చేసుకోండి. దాని పేరు మారితే ఎఫ్‌స్టాబ్‌లోనూ (బూట్‌లో ఏవి మౌంట్ చేయాలో చెప్పే ఫైల్) మార్చాలి, లేదంటే తర్వాతి రీబూట్‌లో సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంటుంది. ఫైళ్లు తిరిగి కాపీ చేశాక రెస్టోర్‌కాన్ కమాండ్ (ఫైళ్ల భద్రతా లేబుళ్లు సరిచేసేది) కొట్టండి. అది వదిలేస్తే ఎస్‌ఈలినక్స్ (లినక్స్ భద్రతా వ్యవస్థ) అడ్డుపడి ఎస్‌ఎస్‌హెచ్ (రిమోట్ లాగిన్) కీలు పనిచేయకపోవచ్చు.

నీలిపెన్‌డ్రైవ్:
ఉబుంటు సర్వర్‌ది సరిగ్గా రివర్స్. ఎల్‌వీఎం ముందే టిక్ అయి ఉంటుంది. 1 టీబీ డిస్క్ ఇచ్చినా రూట్‌కి 100 జీబీయే తీసుకుని తక్కినది వాల్యూమ్ గ్రూపులో (ఉమ్మడి చోటులో) ఖాళీగా వదిలేస్తుంది. 20 నుంచి 200 జీబీ మధ్య డిస్కయితే సగం. డీఎఫ్ కమాండ్ (డిస్క్ వాడకం చూపేది) చూసి 'డిస్క్ నిండింది, కొత్తది కావాలి' అని టికెట్ వేసినవాళ్లున్నారు. ఒక్కసారి వీజీఎస్ కమాండ్ కొడితే ఖాళీ అంతా కనపడేది.

పాతకాపు:
ఉబుంటుదాన్ని మొదటి పోస్టుతో ఒకే గాటన కట్టకండి. ఖాళీ వదలడం మంచి పనే. స్నాప్‌షాట్‌కి (ఆ క్షణపు నకలుకి) చోటుంటుంది, కావాల్సిన వాల్యూమ్‌ని రెండు నిమిషాల్లో పెంచుకోవచ్చు. చివరి సారాంశం తెర మీద ఫ్రీ స్పేస్ ఎంతో రాసే ఉంటుంది, మనమే చదవం. వెనక్కి తీసుకోగలిగిన డిఫాల్ట్‌తో నాకు ఇబ్బంది లేదు. మొదటి పోస్టులోది సులువుగా వెనక్కి రానిది, నా కంప్లైంట్ అలాంటివాటి మీదే.

కీబోర్డుకాకి:
వెనక్కి రానివంటే డెస్క్‌టాప్ సంగతి చెప్పాలి. మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ డిస్క్ (వేగమైన ఎస్‌ఎస్‌డీ) ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ మోడ్‌లో (ఇంటెల్ సొంత స్టోరేజ్ పద్ధతి) ఉంది. ఆ మోడ్‌లో లినక్స్ ఇన్‌స్టాలర్‌కి అది కనపడకపోవచ్చు. లిస్టులో మిగిలింది ఒకే ఒక్క డిస్క్, అదీ బ్యాకప్ కోసం తగిలించిన యూఎస్‌బీ డ్రైవ్. 'డిస్క్ మొత్తం చెరిపి ఇన్‌స్టాల్ చేయి' అన్నది అప్పటికే ఎంపికై ఉంది. వాడు సైజు చూసి అనుమానపడి ఆగాడు కాబట్టి సరిపోయింది.

అప్పటినుంచి మా ఇంట్లో ఇన్‌స్టాల్ అంటే ముందు మిగతా డ్రైవులన్నీ పీకేయడమే. లినక్స్ డిస్కులకిచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లను అసలు నమ్మొద్దు, బూట్ బూట్‌కీ తారుమారు కావొచ్చు. మోడల్, సీరియల్ నంబర్ చూడండి. ఇంకోటి, డిస్క్ కనపడలేదు కదా అని బయోస్‌లో టక్కున ఏహెచ్‌సీఐకి (మామూలు డిస్క్ మోడ్‌కి) మార్చేస్తే ఉన్న విండోస్ నీలి తెర చూపిస్తుంది. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌కి సెట్ చేసి, తర్వాత మార్చాలి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే రికవరీ కీ చేతిలో ఉండాలి.

చదువుకుంటున్నా:
ఇవన్నీ చదివాక మాన్యువల్‌గా చేయాలంటే ఇంకా టెన్షన్‌గా ఉంది. ఎక్కడిదాకా వెళ్లి వెనక్కి రావచ్చు?

పాతకాపు:
డెబియన్ లినక్స్‌లో అయితే 'మార్పులు డిస్క్ మీద రాయనా?' అని అడిగే దాకా అంతా కాగితం మీది లెక్కే బాబూ, ధైర్యంగా ఆడుకో. అక్కడ డిఫాల్ట్ జవాబు 'వద్దు' అనే ఉంటుంది, ఆ ఒక్కదానికి వాళ్లను మెచ్చుకోవాలి. కాకపోతే ఎల్‌వీఎం ఎంచుకుంటే మధ్యలోనే ఒకసారి పార్టిషన్ టేబుల్ (ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక) రాయడానికి అనుమతి అడుగుతుంది. అది చివరి ప్రశ్న కాదులే అనుకుని 'సరే' అన్నావో, పాత టేబుల్ పోయినట్టే.

బూట్‌లూప్:
రెండు డిస్కులుంటే విండోస్ సెటప్‌తోనూ జాగ్రత్త. పక్క డిస్కులో ముందే ఈఎఫ్‌ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్లుండేది) ఉంటే బూట్ ఫైళ్లు అందులోనే పడేయొచ్చు. ఏడాది తర్వాత ఆ పాత డిస్క్ తీసేస్తారు, కొత్త దాంట్లో విండోస్ అంతా ఉన్నా బూట్ కాదు. కొత్త డిస్కులో ఈఎఫ్‌ఐ పార్టిషన్ చేసి బీసీడీబూట్ కమాండ్ నడిపితే దారికొస్తుంది. డ్రైవులు పీకేయమన్న కాకి గారి మాట ఇక్కడా పనికొస్తుంది.

నీలిపెన్‌డ్రైవ్:
విండోస్ అంటే గుర్తొచ్చింది, రికవరీ పార్టిషన్‌ని (విండోస్ చెడితే బాగుచేసే టూల్స్ ఉండేది) మరిచిపోకండి. 2024 జనవరిలో కేబీ5034441 అప్‌డేట్ 0x80070643 ఎర్రర్‌తో ఆగిపోయింది చూడండి, కారణం అదే. ఆ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ కావాలి, సెటప్ చేసిన సైజులో అది చాలామందికి లేదు. పైగా విండోస్ 10 వెర్షన్ 2004 నుంచి దాన్ని సీ డ్రైవ్ తర్వాత పెడుతున్నారు. పెద్ద డిస్కుకి క్లోన్ చేశాక సీ డ్రైవ్ పెంచుదామంటే అది మధ్యలో అడ్డంగా ఉంటుంది. ముందు రీఏజెంట్‌సీ కమాండ్‌తో రికవరీని డిసేబుల్ చేసి, పార్టిషన్ తీసేసి, సీ పెంచి, చివర్లో 1 జీబీ పెట్టి మళ్లీ చేసుకోండి.