అప్‌డేట్: ఉగాండా పల్లెకు పాపతో వెళ్తున్నాం, మలేరియా మందు సంగతి తేలింది

పరిచర్య కోసం నల్లగొండ నుంచి ఉగాండాలోని పల్లెకు కాపురం మారుస్తున్నాం, 5 ఏళ్ల పాపకు మలేరియా రాకుండా ఏం ఇవ్వాలని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

ట్రావెల్ మెడిసిన్ డాక్టర్‌ను కలవమన్న సలహానే పనికొచ్చింది. క్లోరోక్విన్ అక్కడి మలేరియాను ఆపదట. డాక్సీసైక్లిన్ 8 ఏళ్ల లోపు పిల్లలకు వద్దన్నారు. మూర్ఛ, మానసిక సమస్యల గురించి గుచ్చి గుచ్చి అడిగి, పాపను తూకం వేసి, మెఫ్లోక్విన్ రాశారు. వారానికోసారి, ప్రయాణానికి రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. మాత్ర చేదు, తేనెలో నూరి ఇస్తే మింగింది. మందు వేసినా దోమతెర తప్పదు.

ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేయించుకున్నాం. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు పడాలి. పదేళ్లకోసారి మళ్లీ వేయించాలన్న టెన్షన్ అక్కర్లేదు, 2016 నుంచి ఆ టీకా వేసినట్టు ఇచ్చే సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతోంది.