గోడకు దేవుడి టైల్స్ అతికిస్తే ఆగుతుందా?

చిత్తూరు చిన్నోడు:
తిరుపతిలో మేముండే వీధి చివర, బస్టాండుకు పోయే దారిలో పొడవాటి కాంపౌండ్ గోడ ఉంది. పగలూ రాత్రీ అక్కడే మూత్రం పోస్తారు. వీధి పెద్దలు చందాలు వేసుకుని వేంకటేశ్వరస్వామి, శిలువ, మక్కా టైల్స్ అతికిద్దామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

కొర్లగుంట అక్క:
అతికించు నాయనా. మా సందులో పెట్టినాక ఆగింది. అంతకుముందు ‘ఇచ్చట మూత్రము పోయరాదు, జరిమానా విధించబడును’ అని ఏళ్ల తరబడి రాసి ఉండేది. ఆ అక్షరాల మీదే పోసేవాళ్లు. జరిమానా ఎవరు వసూలు చేశారు గనక? దేవుడంటే మటుకు కాలు వెనక్కి పడుతుంది.

అలిపిరి మెట్లు:
మీ గోడ దగ్గర ఆగింది సరే అక్కా, పక్క సందు సంగతేంటి? బొమ్మ మనిషిని పది అడుగులు జరుపుతుంది, అంతే. పట్టలేనివాడు ఎక్కడో ఒకచోట పోయాల్సిందే కదా.

బోర్డుల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెబుతా. అమెరికాలోని అరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అనే నేషనల్ పార్కు ఉంది. రాయిగా మారిన పాతకాలపు చెట్ల ముక్కలను చూడ్డానికొచ్చినవాళ్లు జేబులో వేసుకుపోతుంటారు. రాబర్ట్ చాల్డీని అనే సైకాలజిస్టు, ఆయన బృందం అక్కడ వేర్వేరు బోర్డులు పెట్టి చూశారు. ‘చాలామంది ఎత్తుకెళ్లారు, పార్కు పాడవుతోంది’ అని రాసినప్పుడు, గుర్తుపెట్టి ఉంచిన ముక్కల్లో దాదాపు 8 శాతం మాయమయ్యాయి. ‘దయచేసి తీయకండి’ అన్నప్పుడు 2 శాతం లోపే. అందరూ చేస్తున్నారని మనమే చాటితే, మనం కూడా చేయొచ్చులే అనిపిస్తుంది. ‘ఊరంతా ఇంతే, ఎవరూ మారరు’ అని వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు పెట్టేవాళ్లకు ఈ ముక్క ఎవరైనా పంపండి.

రిటైర్డ్ లెక్చరర్:
ఆ పార్కుకూ మన బస్టాండుకూ పోలికేంటి బాబూ? అక్కడ సరదాగా తిరగడానికొచ్చినవాళ్లు. ఇక్కడ రాత్రంతా బస్సులో కూర్చుని దిగిన యాత్రికుడు. ఏ తమిళుడో కన్నడిగుడో అయితే తెలుగు బోర్డు చదవలేడు కూడా. అతనికి కావలసింది సైకాలజీ కాదు, టాయిలెట్ ఎటుందో చూపించే బాణం గుర్తు. ఇంకో మాట. గోడ దగ్గర నిలబడేది మగవాళ్లే. అదే బస్సు దిగిన ఆడవాళ్లు నీళ్లు కూడా తాగకుండా బిగబట్టుకుంటున్నారు. వాళ్లు గోడ పాడు చేయరు కాబట్టి మన చర్చలోకే రావడం లేదు.

చిత్తూరు చిన్నోడు:
నిజం సార్, ఆ సంగతి మా మీటింగులో ఒక్కరూ ఎత్తలేదు. నా భయం ఇంకోటి. రేపు టైల్ పగిలి స్వామి బొమ్మ ఆ మురికిలో పడితే? తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు, ఉంచితే గొడవ.

అలిపిరి మెట్లు:
బాణం గుర్తు పెట్టడం కూడా సైకాలజీయే సార్. 2017లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న రిచర్డ్ థేలర్ పదేపదే చెప్పేది అదే, మనుషుల చేత పని చేయించాలంటే ముందు దాన్ని తేలిక చెయ్యమని. చిన్నోడా, ఒక వారం మీ గోడ దగ్గరా, పక్క సందులోనూ ఎంతమంది పోస్తున్నారో లెక్కపెట్టించు. తర్వాత బాణాలు పెట్టి, టాయిలెట్ రాత్రిపూట కూడా తెరిపించి, రెండుచోట్లా మళ్లీ లెక్కపెట్టండి. పక్క సందు లెక్క వదిలేస్తే మాత్రం ఏం తేలదు.

కొర్లగుంట అక్క:
లెక్కపెట్టేదెవరబ్బా? ఆ వాసనలో నిలబడమంటే మా ఆయనైతే పోడు. అయినా టాయిలెట్‌లో డబ్బులడుగుతారు, గోడ పైసా అడగదు. మీ చందా ఆ చిల్లరకు కట్టేదుంటే చెప్పండి, టైల్స్ మాట మానుకుంటా.