ఆకలున్నా తినలేకపోవడం ఏంటి?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. చెల్లికి అనోరెక్సియా, అంటే లావైపోతామన్న భయంతో తిండి తగ్గించేసే జబ్బు, అన్నారు డాక్టర్. పెరుగన్నం మెతుకులు అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటుంది, అమ్మేమో మొండితనం అంటోంది. దానికి నిజంగా ఆకలే తెలీదా?

— మొండితనం కాదండీ. 2015లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు, ఏం తినాలో ఎంచుకునేటప్పుడు బ్రెయిన్ స్కాన్ చేస్తే, అలవాట్లని నడిపే డోర్సల్ స్ట్రయేటమ్ అనే మెదడు భాగం అనోరెక్సియా ఉన్నవాళ్లలో మిగతావాళ్లకన్నా ఎక్కువ పనిచేసింది. అంటే తినకపోవడమే అలవాటుగా నాటుకుపోతుందన్నమాట, అందుకే బతిమాలితే పోదు పాపం.

— అనుకోకుండా తీపి తగిలితే వీళ్ల మెదడులో రివార్డ్ సర్క్యూట్ (ఆనందానికి స్పందించే భాగాలు) ఇంకా గట్టిగా స్పందిస్తుందని కూడా స్కాన్లలో తేలింది. రుచి తెలీక కాదు, భయం దాన్ని మింగేస్తుంది.

— మీ ఊళ్లోనే ఉన్న మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో చూపించండి అన్నా. బరువు కోలుకుంటే తిండి లేక కుంచించుకుపోయిన బ్రెయిన్ కూడా చాలావరకు మామూలవుతుంది. కళ్లు తిరిగి పడిపోతే మాత్రం ఆగకుండా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి, గుండెకి ప్రమాదం.