ప్రార్థనలో నోరు మెదపకపోవడం విశ్వాసమా, అవిశ్వాసమా?

ఉద్దానం విశ్వాసి:
అందరికీ వందనాలు. మాది సోంపేట దగ్గర ఊరు. మా సంఘంలో ఒక సహోదరి భర్త వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్తున్నారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో ఇక్కడివారికి నేను చెప్పనవసరం లేదు. జబ్బు బయటపడిన కొత్తలో ఆమె ఉపవాస కూడికల్లో అందరికంటే గట్టిగా మొఱపెట్టేవారు. ఆరు నెలలుగా మాత్రం మోకరించి, కొంగు తలమీదికి లాక్కుని, గంటసేపు ఒక్క మాట లేకుండా ఉండి లేచి వెళ్లిపోతున్నారు. గత ఆదివారం సంఘ పెద్ద ఒకరు అందరి ఎదుటా, "నోరు తెరవనివారికి దేవుడు ఏమిస్తాడు? అడుగుడి, మీకియ్యబడును అన్నాడు గదా" అన్నారు. ఆమె బదులు చెప్పలేదు. నాకు అప్పటినుంచి మనసు కుదుటపడలేదు. 62వ కీర్తన మొదలయ్యేదే "నా ప్రాణము దేవుని నమ్ముకొని మౌనముగా ఉన్నది" అనే మాటతో. దావీదు నమ్మకమని చెప్పుకున్న దాన్ని మనం అవిశ్వాసమని ఎలా అనగలం?

బొబ్బిలి మాస్టారు:
బాబూ, ఆ పెద్ద నలుగురిలో అలా అనడం తప్పే. అయితే ఆయన మాట వెనక ఉన్న భయాన్ని నేను తోసిపుచ్చలేను. ఊరకుండమని జనం గద్దించినకొద్దీ గుడ్డివాడైన బర్తిమయి మరింత కేకలు వేశాడు. ఆ కేకకే యేసు ఆగాడు. 39వ కీర్తనలో మౌనంగా ఉన్నందువల్ల విచారం ఎక్కువైందనీ, గుండె లోలోపల మండిందనీ రాసి ఉంది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి గనుక నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను: శ్రద్ధగా వినే పిల్లవాడి మౌనమూ, ఇక నాకు రాదులే అని వదిలేసిన పిల్లవాడి మౌనమూ వెనక బెంచీ నుంచి చూస్తే ఒక్కలాగే ఉంటాయి. పైగా పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు పాడుకుంటూ విశ్వాసం నేర్చుకున్న నేల మనది. నోరారా పాడడం, కన్నీళ్లతో అడగడం మనకు తెలిసిన దారి. ఒక మనిషి ఆ దారి విడిచిపెడితే సంఘం గమనించడం తప్పు కాదు.

పాలకొండ నర్సు:
మాస్టారూ, గమనించడం వేరు, తీర్పు చెప్పడం వేరు. నేను కథోలికురాలిని. దివ్యసత్ప్రసాద ఆరాధనలో, అంటే క్రీస్తు శరీరమని మేం నమ్మే అప్పం ఎదుట, గంటసేపు మాట లేకుండా కూర్చోవడం మాకు చిన్నప్పటినుంచీ అలవాటు, కాబట్టి మౌనం నన్ను భయపెట్టదు. మదర్ తెరెసా ఉత్తరాలు 2007లో అచ్చయినప్పుడు, దేవుని సన్నిధి తెలియని చీకటిలో ఆమె దశాబ్దాలపాటు సేవ చేశారని చదివి చాలామంది కంగారుపడ్డారు. నాకు మాత్రం ధైర్యం కలిగింది. ఏమీ వినిపించకపోయినా ఆమె పొద్దున్నే లేచి ప్రార్థనకు వెళ్లడం మానలేదు.

ఇంకొక మాట. మన బైబిల్లో "ప్రభువుకొరకు కనిపెట్టుట" అని ఉంటుంది. నా వృత్తిలో ఆ మాటను రోజూ వింటాను. "రాత్రి రోగిని ఎవరు కనిపెట్టుకుని ఉంటారు?" అని అడుగుతాం. అలా ఉండేవారు పెద్దగా మాట్లాడరు. సెలైన్ సీసా వైపు, రొమ్ము ఎగసిపడడం వైపు చూస్తుంటారు, కునుకు పడితే ఉలిక్కిపడి లేస్తారు. ఆ సహోదరి మౌనం అలాంటిదేమోనని ఒక్కరైనా ఆమెను అడిగారా?

వజ్రపుకొత్తూరు రైతు:
2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానుకు నా కొబ్బరిచెట్లన్నీ పడిపోయాయి. ఓదార్చడానికి వచ్చినవారు దేవుడు రెండంతలు ఇస్తాడన్నారు. కొబ్బరి మొక్క నాటి కాపుకొచ్చేదాకా ఎన్నేళ్లు కనిపెట్టాలో వారికి తెలియనట్టుంది. పక్క తోట ముసలాయన మాత్రం పడిన మానుమీద నా పక్కన సాయంత్రందాకా కూర్చుని, ఏమీ అనకుండా ఇంటికి వెళ్లారు. బైబిల్లో సర్వం పోగొట్టుకున్న యోబు స్నేహితులు కూడా ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపక అతని దగ్గర నేలమీద కూర్చున్నారు. వారు తప్పు చేసింది నోరు తెరిచాకనే.

బొబ్బిలి మాస్టారు:
నర్సమ్మగారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మీ మాటలు చదివాక 62వ కీర్తన మళ్లీ తీశాను. మొదటి వచనంలో నా ప్రాణం మౌనంగా ఉన్నదని చెప్పిన మనిషే, అయిదో వచనానికి వచ్చేసరికి మౌనంగా ఉండమని తన ప్రాణాన్ని తానే బతిమాలుకుంటున్నాడు. అంటే ఆ నిమ్మళం మధ్యలో చెదిరిందన్నమాట. ఎనిమిదో వచనంలో "ఆయన సన్నిధిని మీ హృదయములు కుమ్మరించుడి" అంటున్నాడు. మౌనమూ, మొఱా ఒకే కీర్తనలో, ఒకే మనిషి నోట ఉన్నాయి. నేను వాటిని ఎదురెదురుగా నిలబెట్టడం సరికాదు. అయితే ఆ మౌనాన్ని ఎవరికి వారు ఎంచుకోవాలి తప్ప, కష్టంలో ఉన్నవారిని ఊరకుండమని మనం అనకూడదు. బర్తిమయి విషయంలో నా మాట అదే.

ఉద్దానం విశ్వాసి:
నిన్న సాయంత్రం ఆ ఇంటికి వెళ్లాను. ఆమె చేటలో బియ్యం ఏరుతున్నారు. పెద్దాయన మాటకు బాధపడ్డారా అని అడిగితే, ఏరడం ఆపకుండానే చెప్పారు: "అడగాల్సిందంతా అడిగీసినాను బాబూ. ఆయనకి తెలీదా యేటి? ఇప్పుడు ఊరికే ఆయన దగ్గర కూకుంతాను. ఒక్కోరోజు కోపంతోనే కూకుంతాను."

ఈ గురువారం డయాలసిస్‌కు వాళ్లతో నేనూ వెళ్తున్నాను. యంత్రం దగ్గర నాలుగు గంటలు కూర్చోవాలి. ఆ పెద్దగారిని కూడా రమ్మని అడిగాను. రానని అనలేదు.